కారాగారమున అక్షరము, చేతిపని

జహీరాబాదునుండి హైదరాబాదునకు పోవు పెద్దబాటలో సంగారెడ్డి పట్టణమున నొక పాత చెరసాల కలదు. అది 1796 వ సంవత్సరమున, నిజాము ప్రభువుల యేలుబడిలో కట్టబడినది. రెండు శతాబ్దములకు మించి మనుష్యులను తనలో మూసియుంచి, 2012 లో ఖాళీచేయబడి, 2016 లో ప్రదర్శనశాలగా మారినది. అయిదువందల రూపాయలు చెల్లించి, ఖైదీల ఖద్దరుబట్టలు తొడిగి, ఖైదీల కూడు తిని, ఒక పగలు ఒక రాత్రి అందుండి చెరయన నెట్టిదో తెలిసికొనుటకు సైతము అచ్చట ఏర్పాటు చేసిరి.

కొన్నియేండ్లక్రిందట మా బడిపిల్లలను ఆ చెరసాల చూపింప తీసికొనిపోయితిమి. గోడల యెత్తును, గదుల యిరుకును చూపి, కట్టిన కాలమును, కట్టించిన ప్రభుత్వమును చెప్పి, మా పని ముగిసినదని తలచుచుండగా, ఒక చిన్నవాడు మా చేయి పట్టుకొని, "సార్, వీళ్లు పొద్దంతా ఏం చేసేటోళ్లు?" అని యడిగెను. మేము చరిత్రపాఠము చెప్పువారమే. అయినను ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. రాజులేమి చేసిరో, దండయాత్రలెప్పుడు జరిగెనో కంఠస్థము చేసియున్నాము కాని, చెరయందున్నవాని పగటివేళ యెట్లు గడచెనో యెన్నడును విచారింపమైతిమి. ఆనాటి కొరత తీర్చుకొనుటకు చదివినదానిని, విచారించినదానిని ఈ వ్యాసమున చదువరుల యెదుట నుంచుచున్నాము.

మన ప్రాచీనులు బంధనాగారమును శిక్షగా కంటె, విచారణ ముగియువరకు, లేదా ధనము చెల్లువరకు మనుష్యుని నిలిపియుంచు తావుగానే యెక్కువగా నెంచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున పనిచేసియో, దేహదండన పొందియో, ధనము చెల్లించియో ఖైదీలు విడుదల పొందుటకు విధి కలదు. బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, అనాథలను పుణ్యదినములందు విడువవలెనని కూడ కలదు. అశోకుడు తనకు పట్టాభిషేకమై యిరువదియారేండ్లు గడచుసరికి ఇరువదియైదుమారులు ఖైదీలను విడిపించితినని శిలాస్తంభముపై చెక్కించెను. ఇది దయ, సందేహములేదు. కాని విడిచిపెట్టుట వేఱు, విడుదలయైనవాడు బ్రతుకుటకు దారిచూపుట వేఱు. ఈ రెండవ మాట మన ప్రాచీనగ్రంథములలో మేము వెదకినంతలో కానరాలేదు.

గోలకొండ చెరలో కంచర్ల గోపన్న పాడిన కీర్తనలను మన యింటింట పాడుకొందుము. కాని గోపన్న చెరసాలకు అక్షరముతో పోయినవాడు. చెరసాల ఆయనకు అక్షరము నేర్పలేదు. లోపలికి పోవునాటికి చదువులేనివాడు చదువుతో వెలికివచ్చుట యొక సమస్య. చదివినవాడు లోపల గ్రంథము వ్రాయుట వేఱొక సమస్య. ఈ రెంటిని కలిపివేసి, జైళ్లు మనకు విద్యాలయములైనవని సభలయందు చెప్పుట పొరపాటు.

ఇంగ్లీషువారి యేలుబడిలో చెరసాలలను గూర్చిన మొదటి పెద్దవిచారణ మెకాలే ప్రేరణచే జరిగెను. 1835 ఫిబ్రవరిలో ఇంగ్లీషువిద్యను గూర్చి ఆయన వ్రాసిన వ్రాతను మెచ్చువారును, నిందించువారును నేటికిని కలరు. ఆ సంవత్సరాంతముననే ఆయన చెరసాలల స్థితిని విచారింప నొక సంఘము కావలెనని ప్రతిపాదించెను. ఆ సంఘము 1838 లో నివేదిక నిచ్చెను. అధికారుల లంచగొండితనమును, ఖైదీలను బాటలు వేయుటకు తోలుటలోని యనర్థమును ఆ నివేదిక చక్కగ బయటపెట్టినది. కాని ఖైదీలకు చదువు చెప్పుట, నీతిబోధ చేయుట, మంచినడతకు బహుమానమిచ్చుట అను మూడింటిని అది త్రోసివేసినది. ఖైదీకి విసుగు పుట్టించు పని, రుచిలేని పని, మార్పులేని పని యుండవలెనని దాని యభిమతము. ఒక్కచేత దేశమునకు పాఠశాలలు తెఱచిన కాలమే, రెండవచేత చెరసాల తలుపునొద్ద పలకాబలపములను నిలిపివేసినది.

తరువాతివారు విసుగుపని వలన ఖజానాకు రాబడి లేదని గ్రహించిరి. 1855 మొదలు 1870 వఱకు బంగాళమున చెరసాలల పై అధికారిగానున్న వైద్యుడు మౌఆట్, ఖైదీలచేత లాభకరములైన పనులు చేయింపవలెనని గట్టిగా వాదించెను. పనియే మనుష్యుని దిద్దునని ఆయన నమ్మకము. ఆ నమ్మకములో నిజము లేకపోలేదు. అటుపిమ్మట జైళ్లలో మగ్గములు, వడ్రంగము, కమ్మరము, అచ్చుపని ప్రబలినవి. ఆగ్రా, లాహోరు, యెరవాడ, వెల్లూరు జైళ్ల తివాచీలు పేరుపడినవి.

మన ఓరుగల్లు తివాచీల కథ ఇచ్చట చెప్పవలసియున్నది. 1851 లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగల్లు తివాచీలు పోయి మెప్పు పొందినవి. అవి స్వతంత్రులైన నేతగాండ్రు తమ యిండ్లలో నేసినవి. 1886 లో వరంగల్లున పెద్దజైలు కట్టబడినది. అందును ఖైదీలచేత జంపఖానాలు, తివాచీలు నేయించిరి. దేశమంతట జైలుతివాచీలు అంగడికి వచ్చుట చూచి, జార్జి బర్డ్‌వుడ్ అను కళాపరీక్షకుడు 1880 లో ప్రచురించిన గ్రంథమున తీవ్రముగా నాక్షేపించెను. కూలి లేని చేతులతో పోటీపడలేక బయటి నేతగాడు నశించుననియు, పాత నమూనాలు చెడిపోవుననియు ఆయన వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఖైదీకి కూలి ఈయకుండ పనిచేయించినచో నష్టపడువారు ఇద్దరు: లోపలివాడు, బయటివాడు. లాభపడునది ఖజానా యొక్కటియే. నేత మాత్రము ఓరుగల్లులో అంతరింపలేదు. వరంగల్లు దరీలకు 2018 లో భౌగోళిక గుర్తింపు లభించినది. జైలే అంతరించినది, 2021 లో దానిని పడగొట్టి, ఆ చోట పెద్ద ఆసుపత్రి కట్టుటకు పూనుకొనిరి.

1919-20 లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతను ఏర్పడిన భారత జైళ్ల సంఘము ఇంగ్లండు, అమెరికా, జపాను దేశముల జైళ్లను సైతము చూచి వచ్చి, శిక్షకు ప్రయోజనము భయపెట్టుట మాత్రమే కాదనియు, మనుష్యుని దిద్ది సంఘమునకు మరల నప్పగించుట కూడ ననియు తేల్చినది. మెకాలేనాటి నివేదికకును దీనికిని నడుమ ఎనుబదియేండ్లు గడచినవి. 1926 లో చెన్నరాజధానియందు బోర్‌స్టల్ బడుల చట్టము అమలులోనికి వచ్చి, చిన్నవయస్సు నేరస్థులను పెద్దలతో కలుపక, చదువు, వృత్తి చెప్పుటకు మార్గమేర్పడినది.

కాని అదే కాలమున మన దేశమున చదువు, వృత్తి అను రెండు మంచిమాటల క్రింద జరిగిన యొక యన్యాయమును మరువరాదు. నేరస్థజాతుల చట్టమని 1871 లో పుట్టి, 1911 లో చెన్నరాజధానికిని విస్తరించిన శాసనమువలన, ఎరుకల మున్నగు జాతులలో పుట్టినవారు పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచబడిరి. గుంటూరుసీమలో 1913 లో వెలసిన స్టూవర్టుపురము మున్నగు సెటిల్మెంట్లలో వారిని ఉంచి, బడి పెట్టి, పని నేర్పిరి. బడి మంచిదే, పనియు మంచిదే. కాని నేరము చేయనివానికి శిక్షగా వచ్చిన బడి యెట్టి బడి? స్వతంత్రము వచ్చినపిదప 1952 నాటికి ఆ చట్టము దేశమంతట రద్దయినది. అయినను జైళ్ల నిబంధనలలో కులమునుబట్టి పని పంచు నలవాటు చావలేదు. ఊడ్చు పని యొకరికి, వంటపని యొకరికి పుట్టుకనుబట్టి యేర్పడెను. 2024 అక్టోబరు 3 వ తేదీన సుప్రీముకోర్టు అట్టి నిబంధనలు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది. తాత చేసిన పనినే మనుమనిచేత చేయించుట వృత్తివిద్య కాదు. గోడకు లోపల మరియొక గోడ కట్టుట.

ఇంక స్వాతంత్ర్యసమరకాలపు ఖైదీలమాట. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908 లో పత్రికావ్రాతకై శిక్షితులై వెల్లూరు జైలున కఠినశిక్ష ననుభవించిరి. విడుదలయై వచ్చిన పిదప ఆయన గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తన జీవితమును ధారపోసిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలులోనే మాలపల్లి నవలను రచించిరి. మన తెలంగాణమున దాశరథి కృష్ణమాచార్యులు 1948 లో నిజామాబాదు కోటజైలున బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. ఆయనతోనున్న వట్టికోట ఆళ్వారుస్వామిగారు పేదయింట పుట్టి, ఒరులయింట వంటచేయుచు చదువు నేర్చి, దేశోద్ధారక గ్రంథమాలను నడపినవారు. తనతోబాటు చెరలోనున్న మామూలు ఖైదీల బ్రతుకులను ఆయన 'జైలు లోపల' అను కథలలో చెప్పిరి. తన చెరను గూర్చి వ్రాసినవారు పెక్కురు; ప్రక్కగదిలోని దొంగను గూర్చి వ్రాసినవారు అరుదు. అందుచేత ఆ పుస్తకమును మేము మిక్కిలి గౌరవింతుము.

ఏలన, ఆ కాలమున చదువు చెరలోపల సమానముగ పంచబడలేదు. 1929 లో యతీంద్రనాథదాసు నిరాహారదీక్షచే మరణించినపిదప, 1930 లో ప్రభుత్వమువారు ఖైదీలను ఏ, బీ, సీ అను తరగతులుగా విభజించిరి. చదువు, హోదా కలవారికి పుస్తకములు, కాగితములు, దీపము లభించినవి. సీ తరగతివానికి తిరుగలి, గానుగ, రాతిపని మిగిలినవి. అక్షరమున్నవానికే మరల నక్షరము, లేనివానికి లేనేలేదు.

స్వతంత్రము వచ్చినపిదప మన సీమలో కొన్ని మంచిపనులు జరిగినవి. 1954 లో హైదరాబాదు చేరువ మౌలాలియందు గోడలులేని జైలు నెలకొల్పిరి. 1965 లో అనంతపురమునొద్ద వ్యవసాయక్షేత్రముగా మరియొకటి వెలసినది. ఖైదీని నమ్మి పొలములోనికి పంపుటయే వీని మూలసూత్రము. 1977 లో మహమ్మదు గియాసుద్దీను అభియోగమున, మన రాష్ట్రమునుండి పోయిన వ్యాజ్యమునందే, సుప్రీముకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు శిక్ష మనుష్యుని బాగుచేయవలెను గాని నలుగగొట్టరాదని విపులముగా వ్రాసి, ఆ ఖైదీకి విసుగుపుట్టించు యంత్రప్రాయమైన పని గాక, బుద్ధికి తగిన పని ఈయవలెనని యాజ్ఞాపించిరి. 1838 లో ఏది కావలెననిరో, 1977 లో అదియే కూడదనిరి. నూటముప్పదితొమ్మిదేండ్లకు చక్రము తిరిగినది. 1998 లో అదే న్యాయస్థానము, కఠినశిక్ష పడినవాని పనికి న్యాయమైన కూలి ఈయవలెననియు, అందు కొంతభాగము నేరమువలన నష్టపడినవారికి చేరునట్లు చూడవలెననియు నిర్ణయించినది. బర్డ్‌వుడ్ ఆక్షేపణకు సగము సమాధానము దీనితో వచ్చినట్లే.

1982 లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమున ఆ తరహావానిలో మొదటిది. దానివలన జైలులోనుండి పట్టము పుచ్చుకొనుట సాధ్యమైనది. తెలంగాణ జైళ్లలో చదివిన ఖైదీలు చదువురానివారికి అక్షరములు దిద్దించుటయు, వేలిముద్రతో వచ్చినవాడు సంతకముతో పోవలెనని పూనుటయు జరిగినది. చంచల్‌గూడ జైలునొద్ద ఖైదీలు పెట్రోలుబంకు నడుపుచున్నారు. బండిలో నూనె పోయించుకొనువాడు డబ్బు చేతికిచ్చి, చిల్లర పుచ్చుకొని, పోయినది ఖైదీచేతి కని తలపకయే పోవుచున్నాడు. ఆ చిల్లర పుచ్చుకొనుటలో నున్న నమ్మకము నూరు నీతిబోధలకు సాటి.

అయినను లెక్కలు చూచినప్పుడు మనస్సు క్రుంగుచున్నది. 2022 సంవత్సరాంతమున దేశపు జైళ్లలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది, అనగా నూటికి 75 మందికి మించినవారు, ఇంకను నేరము రుజువుకాని విచారణఖైదీలు. పనియు, కూలియు, వృత్తిశిక్షణయు ముఖ్యముగా కఠినశిక్ష పడినవారిని ఉద్దేశించి యేర్పడినవి. విచారణఖైదీని బలవంతముగా పనిలో పెట్టరాదు. అది వాని స్వాతంత్ర్యమును కాపాడు నియమమే. కాని వాడు కోరినను నేర్పువారు, తావు, పనిముట్లు లేనిచో, ఆ రక్షణయే వానికి వెలితియగుచున్నది. నెలలు, కొందఱకు ఏండ్లు, గోడవంక చూచుచు గడచును. ఖైదీలలో నూటికి ఇరువదియైదుగురు, అటు నిటుగా, నిరక్షరులు. తమ మీద మోపబడిన నేరపత్రమున నేమి వ్రాసియున్నదో వారు చదువలేరు. జామీనుకాగితము వచ్చినను, రాకున్నను, మరియొకడు చెప్పినదే వారికి వేదము. వీరికి అక్షరము అలంకారము కాదు. అది వారి న్యాయములో నొక భాగము.

మా యూరివంటి తావులందు ఈ చిక్కు మఱింత పెద్దది. జహీరాబాదు 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున తెలుగుసీమకు వచ్చినది. ఇచ్చట నింటిలో ఉర్దూ, అంగడిలో తెలుగు, చుట్టమువద్ద కన్నడము, మరాఠీ మాటలాడువారు కలరు. అట్టివానికి జైలులో ఏ యక్షరము నేర్పవలెను? కోర్టుకాగితము ఇంగ్లీషుననో, తెలుగుననో యుండును. తల్లికి వ్రాయవలసిన ఉత్తరము వేఱొకభాషలో నుండును. నేర్చువానిని అడిగి నేర్పుట యొక్కటియే దీనికి మందు.

ఇచ్చట మా స్వవిషయమొకటి చెప్పక తప్పదు. ఇరువదియేండ్లక్రిందట మాయొద్ద చదువుచుండిన యొక బాలుడు చెఱకునరుకు కాలమున తలిదండ్రులవెంట పోయి, మరల బడికి రాలేదు. కొన్నినెలలు వేచి, హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసితిమి. నియమము ప్రకారము చేసినపనియే. తరువాత వాడు పెద్దవాడై యొక దొంగతనపు నేరమున కొంతకాలము చెరలోనుండెను. రెండేండ్లక్రిందట నొక సాయంకాలము మా గుమ్మమున నిలిచి, "సారూ, నేను సంతకం నేర్చుకున్న. బట్టలు కుట్టుడు గూడ వచ్చు," అని చెప్పెను. మేము సంతోషించి, మాకు తెలిసిన దర్జీలయొద్దకు వెంటబెట్టుకొని పోయితిమి. ఒకడు మిషను లేదనెను, ఒకడు చూతమనెను, మూడవవాడు నిక్కముగా చెప్పెను: "పంతులుగారూ, మీ మాట కాదనలేను. కాని పిల్లగాడు జైలునుండి వచ్చిండని తెలిస్తే నా గిరాకీ పోతది." ఆ దర్జీని మేము నిందింపము. ఆతని కుటుంబము ఆ గిరాకీమీదనే బ్రతుకుచున్నది. కాని ఆ రాత్రి మాకు తోచినదేమన, చెరసాల వానికి నేర్పవలసినది నేర్పినది. నేర్వనిది మా యూరు. హాజరుపట్టీలో మొదట పేరు కొట్టినది మేము, మరల కొట్టినది మా అంగడివీథి.

"నేరము చేయని పేదవానికే చదువు, పని దొరకకుండగా, నేరము చేసినవానికి సర్కారుసొమ్ముతో నేర్పుటయా?" అని కొందరు అడుగుదురు. ఇది ధర్మమైన ప్రశ్నయే. దీనికి మా సమాధానము రెండు విధములు. మొదటిది: పేదవానికి బడి లేకపోవుట తప్పు, ఆ తప్పును దిద్దుటకు ఖైదీ పలకను లాగుకొనుట మార్గము కాదు. రెండవది: ఖైదీ యెల్లకాలము లోపల నుండడు, ఒకనాడు మన వీథికే వచ్చును. అమెరికాలో 2013 న ప్రకటితమైన ర్యాండ్ సంస్థవారి పరిశోధన, అనేక పరిశీలనలను కలిపి చూచి, జైలులో చదువుకొన్నవారు మరల నేరమునకు దిగు సంభావ్యత చదువనివారికంటె నూటికి 43 వంతులు తక్కువయని చూపినది. కావున ఈ వ్యయము దానము కాదు. మన యింటి తలుపునకు వేసికొను గడియ.

చరిత్ర యంతయు చూచినపిదప మాకు మూడు మాటలు నిశ్చయముగ తోచుచున్నవి. జైలులో నేర్పు పని ఖజానా రాబడినిబట్టి గాక, నేర్చువాడు మరలిపోవు నూరినిబట్టి యెన్నుకొనవలెను. జహీరాబాదున ట్రాక్టరుల కర్మాగారము కలదు, చెఱకు, అల్లము పండించు రైతులు కలరు. యంత్రము బాగుచేయువానికి, బోరుమోటారు విప్పి బిగించువానికి ఇచ్చట పని దొరకును, తివాచీ నేయువానికి దొరకదు. రెండవది, నేర్చినదానికి ఇచ్చు యోగ్యతాపత్రము బయటివారికిచ్చునట్టిదే కావలెను. దానిపై జైలుపేరు ఉండరాదు. విచారణఖైదీ కోరినచో వానికిని ఆ శిక్షణ అందవలెను. మూడవది ప్రభుత్వము చేయగలది కాదు. అది మన వీథిలోని దర్జీయు, దుకాణదారుడును, మావంటి బడిపంతులును చేయవలసినది.

సంగారెడ్డిలో మమ్ము ప్రశ్నించిన చిన్నవానికి ఇప్పుడు సమాధానము చెప్పగలము: కొందరు గోడ చూచిరి, కొందరు గానుగ త్రిప్పిరి, కొందరు పరులకై తివాచీ నేసిరి, కొలదిమంది యక్షరము దిద్దిరి. మా పూర్వవిద్యార్థి నేడు తన యింటి ముందరి పంచలో నొక పాతమిషను పెట్టుకొని, ఇరుగుపొరుగువారి చినిగిన బట్టలు కుట్టుచున్నాడు. ఈ యేడు మా చొక్కాలు రెండు వానియొద్దనే కుట్టించితిమి. కాలరు కొంచెము వంకర వచ్చినది. వచ్చెడి పండుగకు మరల వానికే యిచ్చెదము.